చెరువు పూడికలో పాత గడ్డి జాడలు: ప్రాజెక్టు డైరీ

పని ఇది. వరంగల్ వైపు ఒక గొలుసుకట్టు చెరువు ఎండిన శిఖంలో (నీళ్లు నిలిచే అడుగు భూమిలో), పూడిక తీసినప్పుడు మిగిలిన గోతి గోడ నుంచి పొర పొరగా మట్టి తీయాలి. అందులోని ఫైటోలిత్‌లను వేరు చేయాలి. కట్ట వేయకముందు అక్కడ ఏ గడ్డి ఉండేదో, వేశాక ఏది వచ్చిందో, దాన్నిబట్టి వానల గురించి ఏమైనా చెప్పగలమో చూడాలి. డిగ్రీ కాలేజీ బోటనీ ల్యాబులో ఉండే సామానుతో ఎంతవరకు అవుతుందన్నది కూడా ఇందులో భాగమే. అందుకే ఎక్కడ ఆగింది, ఏం మార్చాను, ఎందుకు మార్చాను అన్నవే ఎక్కువ రాస్తున్నాను.

ఫైటోలిత్ గురించి తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. గడ్డి, తుంగ, తాటి లాంటి మొక్కలు నేల నీటిలో కరిగి ఉన్న సిలికాను పీల్చుకుంటాయి. అది కణాల లోపల, వాటి సందుల్లో గట్టిపడుతుంది. ఆకు కుళ్లినా, కాలినా, పశువు మేసి పేడ వేసినా ఆ సిలికా ముక్క తన కణం ఆకారంతోనే మట్టిలో మిగులుతుంది. చాలావరకు 5 నుంచి 200 మైక్రాన్ల లోపు ఉంటుంది. ఎన్నాళ్లు మిగులుతుందంటారా? మనకు పక్కనే ఉన్న చంద్రపూర్ జిల్లా పిస్‌దురాలో దొరికిన డైనోసార్ల శిలాజ పేడలో గడ్డి ఫైటోలిత్‌లు ఉన్నాయని వందనా ప్రసాద్ బృందం 2005లో చూపించింది. వాటి ముందు మన చెరువు పూడిక నిన్నటిది.

దశ 1: గోతి గోడ

మొదట ఎంచుకున్న చోటు చెరువు నడిమధ్య. చెరువు నీళ్లు వదిలే నీరటి తాత చూసి ఆపాడు. "ఈడ తియ్యకున్రి సారూ. ఇది ట్రాక్టర్లు దిగిన బాట. కింది మన్ను మీదికి, మీది మన్ను కిందికి గలిసింది. గా ఈత చెట్ల దిక్కు పోన్రి, ఆడ జేసీబీ పండ్లు తాకలే."

ఆ మాట విననట్టయితే ఈ డైరీ ఇక్కడే ముగిసేది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక తెలంగాణలో చాలా చెరువుల పూడిక పొలాలకు వెళ్లింది. పొలానికి మంచిదే. పొరలు చదవాలనుకునేవాడికి మాత్రం పై పేజీలు చిరిగిపోయినట్టే. కాబట్టి మట్టి ముట్టుకునే ముందు చెరువును ఏటా చూసే మనిషిని వెంటబెట్టుకుని ఒకసారి చుట్టి రండి. ఎక్కడ తీశారు, ఎక్కడ పోశారు, ఎండినప్పుడు శిఖంలో ఏం సాగు చేశారు అన్నవి రాసుకోండి. మా దగ్గర జొన్న, నువ్వులు, పుచ్చ వేసేవారట.

ఈత చెట్ల వైపు గోడ ఎత్తు 150 సెం.మీ. పై నుంచి 112 సెం.మీ. దాకా నల్లటి బంకమట్టి. 63 నుంచి 66 మధ్య ముతక ఇసుక పొర ఒకటి అడ్డంగా సాగింది. 112 దగ్గర రంగు ఒక్కసారిగా మారి, గరుకైన ఎర్ర చెల్క నేల మొదలవుతుంది. 145 కింద మొరం. ఆ 112 గీతే చెరువు అడుగు అనుకున్నాను. అనుకోవడం వేరు, రుజువు వేరు. రుజువు దశ 7లో వచ్చింది.

తీసిన పద్ధతి:

1. మేస్త్రీ తాపీతో గోడ ముఖం చెక్కాలి. పై నుంచి కిందికి, ఒక జానెడు లోతు లోపలికి.
2. టేపు, గుండు దారం వేలాడదీసి ఫోటో తీయాలి.
3. మట్టి మాత్రం కింది నుంచి పైకి తీయాలి. పై పొర ముందు తీస్తే దాని పొడి కింది పొర మీద రాలుతుంది.
4. ప్రతి 10 సెం.మీ.కు ఒక సంచి. తాపీ ప్రతిసారీ కడిగి తుడవాలి.
5. సంచి మీద, సంచి లోపల చీటీ మీద, రెండుచోట్లా లోతు రాయాలి. తడి మట్టి సంచి మీద మార్కర్ నిలవదు.

ఇంత జాగ్రత్త పడ్డా 40–50 పొర మట్టిని 250 మైక్రాన్ల జల్లెడ పడుతుంటే నీలం ప్లాస్టిక్ పోగు ఒకటి చిక్కింది. ఎరువుల సంచి పోగు. అర మీటరు లోతులో దానికేం పని? గోడ దగ్గరికి మళ్లీ వెళ్లి చూస్తే తెలిసింది. నల్ల బంకమట్టి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. పై మట్టి ఆ నెర్రెల్లో రాలి, వానకు మూసుకుపోతుంది. నెర్రె నిండిన చోట మట్టి కాస్త లేత రంగులో, పొడిపొడిగా ఉంటుంది. దాంతో పద్ధతి మార్చాను. పెళ్ల మొత్తం తీసి, చేత్తో విరిచి, నున్నగా మెరిసే నెర్రె ముఖాలను ఒక అంగుళం చెక్కి పారేసి, పెళ్ల నడుమ గుండెను మాత్రమే సంచిలో వేశాను. పై 60 సెం.మీ. మట్టంతా ఇలాగే మళ్లీ తీసింది. సర్కారు తుమ్మ వేళ్లు తగిలిన చోటు పూర్తిగా వదిలేసి పక్కకు జరిగాను.

పీహెచ్ కూడా చూసుకోండి. మా పొరలు 7.6 నుంచి 8.1 మధ్య ఉన్నాయి. 9 దాటితే సిలికా కరగడం మొదలవుతుంది కాబట్టి చౌడు నేలల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఇప్పటిదాకా: 15 పొరలు, 15 సంచులు, అన్నీ శుభ్రమైన పెళ్లల నుంచే.

దశ 2: పుప్పొడి, వదిలేసిన దారి

పాత వృక్షజాలం అనగానే అందరూ అడిగేది పుప్పొడి. 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ చూపించిన దారి అది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ మన దేశంలో దశాబ్దాలుగా చేస్తున్నదీ అదే. రెండు కారణాలతో వదిలేశాను.

మొదటిది, ఏటా ఎండే చెరువులో పుప్పొడి నిలవదు. పుప్పొడి పైతొడుగు గాలి తగలని బురదలో వేల ఏళ్లు ఉంటుంది. తడవడం, ఎండటం, మళ్లీ తడవడం దానికి గిట్టదు. మూడు పొరలు చూశాను. ఫెర్న్ సిద్ధబీజాలు కొన్ని, చిరిగిన పుప్పొడి రేణువులు కొన్ని, అంతే. రెండోది, అన్నీ బాగా దొరికినా గడ్డి పుప్పొడి దాదాపు ఒకే తీరు: గుండ్రం, ఒకే రంధ్రం. గరికో, జొన్నో, బోదో చెప్పలేం. మాకు కావలసింది సరిగ్గా అదే తేడా.

ఇసుక కరిగించడానికి కొందరు వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జోలికి పోనేలేదు. మీరూ పోకండి. సరైన ఫ్యూమ్ హుడ్, కాల్షియం గ్లూకోనేట్ జెల్, శిక్షణ లేని చోట దాని సీసా కూడా ఉండకూడదు. ఫైటోలిత్ పనికి అది అవసరం లేదు, పైగా సిలికాను అదే కరిగించేస్తుంది.

దశ 3: బంకమట్టిని వదిలించడం

ఎక్కువ మట్టి పాడైంది ఇక్కడే.

పుస్తకంలో ఒక వరుస ఉంది: ముందు 500 డిగ్రీల మఫిల్ ఫర్నేసులో రెండు గంటలు పెట్టి సేంద్రియ పదార్థం కాల్చేయడం, తర్వాత మిగతావి. ఇసుక నేలకు బాగానే నడుస్తుంది. మా మట్టిలో సగానికి పైగా బంక. మూసలో పెట్టిన 5 గ్రాములు బయటికొచ్చేసరికి ఇటుక ముక్క. రోట్లో నూరితే ఫైటోలిత్‌లు కూడా విరుగుతాయి. వరుస తిరగేశాను: ముందు బంక పోవాలి, కాల్చడం తర్వాత.

బంక పోగొట్టడం నీటిలో తేర్చి వంపడమే. 8 సెం.మీ. ఎత్తు నీళ్లు, గంట ఆగాలి, పైనీళ్లు వంపాలి, మళ్లీ నింపాలి. ఎన్నిసార్లు వంపినా నీళ్లు తేటపడలేదు. లెక్క కట్టి చూస్తే కారణం దొరికింది. ఆ గంట 20 డిగ్రీల గదికి చెప్పింది. ఏప్రిల్‌లో మా ల్యాబులో నీళ్లు 35 డిగ్రీలు. 20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం 1.00 అయితే 35 దగ్గర 0.72. పల్చటి నీళ్లలో రేణువులు తొందరగా దిగుతాయి. గంట ఆగితే, పోవలసిన సన్న బంక కూడా అడుగున చేరిపోతోంది. 60 నిమిషాలను 0.72తో గుణిస్తే 43 నిమిషాలు. అప్పటినుంచి నీటిలో థర్మామీటర్ పెట్టి, దాన్నిబట్టి టైమర్ పెడుతున్నాను. అయిదారు వంపులకే నీళ్లు తేటపడుతున్నాయి.

ఇప్పుడు నడుస్తున్న వరుస:

1. 50 డిగ్రీల లోపు ఆరబెట్టి, వేళ్లతో నలిపి, 5 గ్రాములు తూచాలి.
2. 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపు గుళ్లుంటే బుసబుస పొంగుతుంది. పొంగు ఆగేదాకా కొద్దికొద్దిగా పోయాలి.
3. డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. ఆమ్లం మిగిలితే బంక మళ్లీ గడ్డకడుతుంది.
4. 5 శాతం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్‌లో (బంకను విడదీసే ఉప్పు) రాత్రంతా నానబెట్టి కలపాలి.
5. 250 మైక్రాన్ల జల్లెడ.
6. తేర్చి వంపడం, 8 సెం.మీ., ఉష్ణోగ్రతను బట్టి సమయం. పైనీళ్లు తేటపడేదాకా.
7. ఆరబెట్టి, 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు.

ఏడో మెట్టుకు బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వాడి చూశాను. మా పూడికలో మాంగనీసు నల్లచుక్కలు ఎక్కువ. 30 శాతం పెరాక్సైడ్ వాటికి తగలగానే బీకరు దాటి పొంగింది. ఫర్నేసు లేనివాళ్లు 6 శాతంతో, లీటరు బీకరులో, అద్దాలు, తొడుగులు వేసుకుని మొదలుపెట్టండి.

ఇప్పటిదాకా: 15 పొరల్లో 4 శుద్ధి అయ్యాయి. రెండు పొరల మొదటి వాటా ఇటుకైంది. మట్టి మిగిలే ఉంది కాబట్టి నష్టం లేదు. ఒక్కో పొరకు కనీసం అరకిలో తెచ్చుకోమనేది అందుకే.

దశ 4: బరువు ద్రవం

ఇసుక సాంద్రత 2.65. ఫైటోలిత్‌లవి 2.3 లోపు. రెండింటి మధ్య సాంద్రత ఉన్న ద్రవంలో వేసి తిప్పితే ఇసుక మునుగుతుంది, ఫైటోలిత్ తేలుతుంది. ద్రవం సోడియం పాలీటంగ్‌స్టేట్. ఖరీదు ఎక్కువే గానీ వడకట్టి, నీళ్లు ఆవిరి చేసి మళ్లీ మళ్లీ వాడొచ్చు. జింక్ బ్రోమైడ్ చవక. ఒంటికి మంచిది కాదు, పిల్లలు తిరిగే ల్యాబులో వద్దనుకున్నాను.

సాంద్రత చూడటానికి హైడ్రోమీటర్ అక్కర్లేదు. 10 మి.లీ. ఫ్లాస్కు ఖాళీగా తూచి, గీత దాకా ద్రవం నింపి మళ్లీ తూచాలి. తేడా 23.0 గ్రాములు రావాలి. 22.4 వస్తే బరువైన ఫైటోలిత్‌లు ఇసుకతో పాటు మునుగుతాయి. ప్రతిసారీ తూచుకోవలసిందే, మూత తీసి ఉంచితే వేసవిలో మధ్యాహ్నానికే చిక్కబడుతుంది.

రెండు గొడవలు వచ్చాయి.

మొదటిది తెల్లటి మడ్డి. గొట్టాల్లో ద్రవం పోయగానే పాలవిరుగులా తేలింది. ఈ ద్రవానికి కాల్షియం తగిలితే కరగని కాల్షియం టంగ్‌స్టేట్ ఏర్పడుతుంది. ఆమ్లంతో సున్నం తీసేసిన మట్టిలో కాల్షియం ఎక్కడిది? చివరి కడుగుకు వాడిన, బజారులో కొన్న డిస్టిల్డ్ వాటర్ డబ్బాలో టీడీఎస్ మీటరు పెడితే 190 చూపించింది. అది బోరునీళ్లకు చెల్లెలే. ఇప్పుడు కాలేజీలో సొంతంగా దించిన నీళ్లు తప్ప వేరేవి వాడటం లేదు. మీటరు 5 దాటితే ఆ డబ్బా గిన్నెలు కడగడానికి.

రెండోది నీలం రంగు. స్టీలు గరిటెతో కలిపిన వాటా కాసేపటికి ముదురు నీలమైంది. లోహం తగిలితే ఈ ద్రవం అలా మారుతుంది. నాలుగు చుక్కల పెరాక్సైడ్ వేసి వేడి చేస్తే రంగు పోయింది. అప్పటినుంచి గాజు కడ్డీ, ప్లాస్టిక్ చెంచా మాత్రమే.

వరుస:

1. 15 మి.లీ. గొట్టంలో ఎండిన మట్టి, మీద 5 మి.లీ. ద్రవం. గాజు కడ్డీతో కలపాలి.
2. సెంట్రిఫ్యూజ్‌లో 800 ఆర్‌పీఎం, 10 నిమిషాలు. ఎదురుగా ఉన్న గొట్టం బరువు సమానంగా ఉండాలి. నీళ్లు పోసి సమానం చేస్తే కుదరదు, దీని బరువు వేరు.
3. పైన తేలిన పలుచని తెరను డ్రాపర్‌తో వేరే గొట్టంలోకి.
4. దానికి రెండింతలకు పైగా నీళ్లు కలిపి మళ్లీ తిప్పితే ఫైటోలిత్‌లు ఇప్పుడు అడుగుకు చేరతాయి.
5. పైద్రవం దాచుకోవాలి. అడుగున ఉన్నదాన్ని మూడుసార్లు కడిగి, ఆల్కహాల్‌తో ఆరబెట్టాలి.

30–40 పొర 5 గ్రాముల్లో తేలింది 18 మిల్లీగ్రాములు. 120–130 పొరలో 6.

దశ 5: స్లైడు

గ్లిసరిన్‌లో పెట్టి చూస్తే స్లైడు దాదాపు ఖాళీ. తూచి వేసిన పొడి ఎటు పోయింది? ఎటూ పోలేదు. ఫైటోలిత్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.41 నుంచి 1.47. గ్లిసరిన్‌ది 1.47. రెండూ ఒకటైతే అంచు కనబడదు. కెనడా బాల్సమ్ అనే చెట్టు బంక 1.53 దగ్గర ఉంటుంది. అందులో పెట్టగానే ఒక్కో ముక్క అంచు గీసినట్టు, కాస్త గులాబి ఛాయతో కనిపించింది. పైగా బాల్సమ్ వెంటనే గట్టిపడదు. కవర్ స్లిప్‌ను సూదితో నెమ్మదిగా తడితే ఫైటోలిత్ పొర్లుతుంది, పక్కనుంచి కూడా చూడొచ్చు. పైనుంచి డంబెల్‌లా ఉన్నది పక్కనుంచి వేరేగా ఉండటం చాలాసార్లు జరిగింది. కాబట్టి ఎండకముందే, మొదటి వారంలోనే లెక్క పూర్తి చేసుకోవాలి.

దశ 6: మన గడ్డుల సొంత సెట్

అంతర్జాతీయ పట్టికల్లో బొమ్మలున్నాయి, పేర్లున్నాయి. మన గట్టు మీది గడ్డికి అవి సరిపోతాయో లేదో కాల్చి చూసుకుంటే తప్ప తెలియదు. ఆకు శుభ్రంగా కడిగి, 500 డిగ్రీల దగ్గర బూడిద చేసి, ఆమ్లంతో కడిగి, బాల్సమ్‌లో స్లైడు. ఇంతే.

గరిక: పొట్టి జీను ఆకారాలు. దాదాపు అన్నీ అవే.

తైద: ఇదీ జీనే. గరిక జీనుకూ దీనికీ నా కంటికి తేడా దొరకలేదు. రెండూ ఒకే ఉపకుటుంబం, క్లోరిడోయిడే.

జొన్న, సజ్జ, కొర్ర: డంబెల్‌లు, శిలువలు. పానికోయిడే ఉపకుటుంబం.

వరి: ఆకులో చివర్లు గరిటెలా లోపలికి నొక్కుకున్న డంబెల్‌లు. ఇవి కాక విసనకర్ర ఆకారపు పెద్ద ముక్కలు, వాటి అంచున చేప పొలుసుల వరుస. పొలుసులు 9, ఆపైన ఉంటే సాగు వరి వైపు మొగ్గు అని చైనా పరిశోధకులు ఒక గీత పెట్టారు. పొట్టులో రెండు కొమ్ములున్న ముక్కలు.

తాటి, ఈత: ముళ్ల గోళాలు. కుప్పలు కుప్పలుగా. స్లైడులో ఇవి నిండుగా ఉన్నాయని అక్కడ అడవి ఉండేదనకండి, కట్ట మీద నాలుగు ఈత చెట్లు చాలు.

తుంగ: టోపీ ఆకారాలు.

టేకు, మోదుగ, ఇప్ప ఆకులు కాల్చాను. చెప్పుకోదగ్గ ఆకారం చాలా తక్కువ. అంటే మన ఆకురాల్చే అడవి ఈ పద్ధతికి సగం కనబడదు. చెట్లు, గడ్డి నిష్పత్తి లెక్కలు ఆఫ్రికా వానాడవుల దగ్గర బాగా పనిచేస్తాయని చదివి ఇక్కడ పెట్టడం కుదరదు.

చీపురు గడ్డి మాత్రం మొత్తం పనిని మలుపు తిప్పింది. గుట్టల మీద, సన్నటి నేలలో, వాన తక్కువైన చోట కూడా పెరిగే గడ్డి. దాని ఆకులో కూడా డంబెల్‌లే! కాకపోతే నడుము పొడుగ్గా, సన్నగా ఉంటుంది, చివర్లు ఉబ్బుగా ఉంటాయి. దీని సంగతి కింద.

ఇప్పటిదాకా: 13 మొక్కలు, 13 రకాల స్లైడ్లు. పొరల్లో 7 శుద్ధి పూర్తి, 3 లెక్కకు సిద్ధం.

దశ 7: లెక్క

వాడిన సూచిక పేరు ఐపీహెచ్. జీనులను, జీను, డంబెల్, శిలువ మూడింటి మొత్తంతో భాగించి నూరుతో గుణించాలి. పొట్టిగా, పొడి నేలలో పెరిగే గడ్డి జీనులిస్తుంది, తడి కోరే పొడుగు గడ్డి డంబెల్‌లిస్తుంది అన్నది దాని వెనుక ఆలోచన. అంకె పెరిగితే కరువు, తగ్గితే వాన. పశ్చిమ ఆఫ్రికా తీరపు సముద్ర మట్టి మీద 1973లో మొదలైంది. 2005లో అక్కడి నేటి గడ్డితోనే సరిచూశారు.

400 రెట్ల పెద్దదనంలో, ఒక్కో పొరకు 200 దాటేదాకా:

30–40 పొర: జీను 118, డంబెల్ 81, శిలువ 13. మొత్తం 212. సూచిక 55.7.

60–70 పొర: జీను 139, డంబెల్ 58, శిలువ 7. మొత్తం 204. సూచిక 68.1.

120–130 పొర: జీను 61, డంబెల్ 128, శిలువ 15. మొత్తం 204. సూచిక 29.9.

పక్కనే డయాటమ్‌లను (గాజు గుల్ల ఉన్న ఒంటికణపు నాచును) కూడా లెక్కపెట్టాను. అవీ సిలికావే, అదే ద్రవంలో తేలుతాయి, ఎక్కువగా నీళ్లు నిలిచిన చోట ఉంటాయి. వరుసగా 74, 11, 2. కింది పొరలో రెండే ఉండటంతో 112 గీత చెరువు అడుగు అన్న మాట నిలబడింది. దాని కింద ఉన్నది కట్ట వేయకముందటి నేల.

సూచిక చూస్తే కథ తయారుగా ఉంది: చెరువుకు ముందు తడి కాలం, తర్వాత వానలు తగ్గాయి, అందుకే చెరువు కట్టుకున్నారు. వినడానికి ఎంత బాగుందో! మూడు స్లైడ్లూ మళ్లీ తీసి డంబెల్‌లను ఒక్కొక్కటిగా విడదీశాను.

120–130లో ఉన్న 128 డంబెల్‌లలో 47 చీపురు గడ్డివి. సూచిక వాటిని తడి ఖాతాలో వేసింది. నిజానికి అవి పొడి నేలవి. ఖాతా మారిస్తే 204లో 108, అంటే 52.9. ఒక్క గడ్డిని ఇటు నుంచి అటు జరిపితే అంకె 23 పెరిగింది.

30–40లో చీపురువి 9. వరి తరహా డంబెల్‌లు 34. వరి వాన వల్ల వచ్చింది కాదు, చెరువు నీటితో పండింది. చీపురును పొడి వైపుకు మార్చి, వరిని లెక్కలోంచి తీసేస్తే 178లో 127, అంటే 71.3.

60–70లో వరి తరహావి 4 మాత్రమే.

ఇప్పటిదాకా: 3 పొరలు, 620 గడ్డి ఫైటోలిత్‌లు, ఒకే మట్టికి రెండేసి జవాబులు.

దశ 8: ఈనాటి మట్టి

ముందే చేయవలసిన పని అని ఇప్పుడు చదివేవాళ్లకు అనిపిస్తుంది. ఏ వరుసలో చేసినా సరే, ఇది లేకుండా పాత పొరకు అర్థం చెప్పకండి. చెరువు చుట్టూ నాలుగు చోట్ల పైపై రెండు సెంటీమీటర్ల మట్టి గీకి తెచ్చాను. అన్నీ పావుగంట బండి దూరం లోపే. అంటే నాలుగు చోట్లా పడే వాన ఒకటే.

కట్ట మీద, పశువులు రోజూ మేసే చోట: 203లో జీను 171. సూచిక 84.2.

శిఖంలో: 208లో 133. 63.9.

వరి మడిలో: 205లో 39. 19.0.

గుట్ట కింద, పశువులు పోకుండా కంచె వేసిన చోట: 205లో 52. 25.4.

ఒకే వాన కింద 19 నుంచి 84 దాకా! మేత పడిన చోట పొడుగు గడ్డి పోయి, తొక్కినా కొరికినా బతికే గరిక మిగులుతుంది. గరిక అంటే జీను. అంటే కట్ట మీది అంకె చెబుతున్నది రుతుపవనాల గురించి కాదు, బర్రెల గురించి. గోతి గోడలో చూసిన 29.9, 55.7, 68.1 మూడూ ఈ నాలుగు చోట్ల మధ్యే ఇమిడిపోతాయి. వాన మారకుండానే, మంద రావడం, మడి తవ్వడం, కట్ట వేయడం చాలు ఆ తేడాకు.

అంటే ఫైటోలిత్‌లతో వాన గురించి చెప్పలేమా? చెప్పొచ్చు, చెరువంత చిన్న చోట కాదు. పెద్ద చోటు ఎందుకు కావాలో చూపడానికి, ఫైటోలిత్‌లది కాకపోయినా, ఒక ఉదాహరణ. గోదావరి ముఖద్వారం ఎదురుగా సముద్రంలో, 1,268 మీటర్ల నీటి అడుగున 2006లో తీసిన 16ఏ కోర్ (అడుగు నుంచి నిలువునా తీసిన మట్టి కడ్డీ) ఉంది. గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి గడ్డల్లో చిక్కిన వాయువు) కోసం జాయిడెస్ రిజల్యూషన్ ఓడ తవ్వినప్పుడు వచ్చిన మట్టి అది. అందులోని ఆకుల మైనంలో కార్బన్ ఐసోటోపులు కొలిచి, సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి 1,700 ఏళ్ల క్రితం దాకా గోదావరి పరీవాహకంలో ఎండను తట్టుకునే మొక్కలు మెల్లగా పెరిగాయని, ఆ తర్వాత అలాగే నిలిచిపోయాయని 2012లో ప్రకటించారు. అక్కడికి చేరేది నాసిక్ నుంచి మన దాకా కొట్టుకొచ్చిన ఆకుల సగటు. ఒక మంద, ఒక మడి దాన్ని కదిలించలేవు. మా గోతిలో ఒక్క మందే చాలు.

కాబట్టి ప్రశ్న మార్చాను. ఇక వాన ఎంత అని అడగటం లేదు. కట్ట వేయకముందు ఇక్కడ గుట్ట గడ్డి ఎంత, వరి ఏ పొర నుంచి మొదలైంది, నీళ్లు ఏ పొరల్లో నిలవలేదు అని అడుగుతున్నాను. ఈ మూడింటికీ ఈ మట్టి దగ్గర జవాబుంది.

ఇప్పటిదాకా: గోడలో 620, పైమట్టిలో 821. మొత్తం 1,441.

దశ 9: 60–70 పొర, బొగ్గు ముక్కలు

డయాటమ్‌లు 74 నుంచి 11కు పడిపోయిన పొర, వరి దాదాపు లేని పొర, ముతక ఇసుక గీత ఉన్న పొర, మూడూ ఒకటే. వరుస కరువులు కావొచ్చు. కట్టకు గండి పడి, కొన్నేళ్లు ఎవరూ పూడ్చకపోయి ఉండొచ్చు. ఇసుక గీతను చూస్తే నా మొగ్గు గండి వైపే. కరువులో ఇసుకను ఇంత దూరం తోసుకొచ్చే నీళ్లుండవు. అయితే ఇసుక పైన, కింద ఉన్న మట్టిని 10 సెం.మీ. సంచిలో కలిపేసి చూస్తే ఏది ముందో తెలియదు. అందుకని 58 నుంచి 72 దాకా గోడను మళ్లీ చెక్కి, ఒక్కో సెంటీమీటరు విడిగా తీశాను. ఆ 14 చిన్న సంచులు ప్రస్తుతం నానుతున్నాయి.

వయసు కోసం బొగ్గు ముక్కలు ఏరాను, 67 దగ్గర, 110 దగ్గర. మట్టి మొత్తాన్ని తేదీ కట్టించొద్దు, పై నుంచి కొట్టుకొచ్చిన పాత కార్బన్ అందులో కలిసి ఉంటుంది. బొగ్గులోనూ చేవ తేలిన పెద్ద దుంగ ముక్కైతే చెట్టు వయసంతా కలుస్తుంది. పెన్సిల్ కంటే సన్నటి పుల్లల బొగ్గు ఎంచుకున్నాను. ఏఎంఎస్ (రేడియోకార్బన్‌ను యాక్సిలరేటర్‌తో లెక్కించే పద్ధతి) కొలతకు ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు, శుద్ధిలో పోయేది కలుపుకుని ఒక్కో ముక్క 20 మిల్లీగ్రాములు పెట్టాను. సూక్ష్మదర్శిని కింద తుమ్మ వేళ్ల పీచు ఏరేసి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాను. దూది, కాగితం తగలనివ్వలేదు, వాటిలో ఉన్నదీ కార్బనే. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌కు దరఖాస్తు తయారవుతోంది.

అప్పటిదాకా పని:

1. 58–72 మధ్య 14 సంచులు: ముందు డయాటమ్‌లు మాత్రమే లెక్క. ఇసుకకు ముందే తగ్గాయా, తర్వాతా?
2. 70–110 పొరలు: వరి విసనకర్రలు, రెండు కొమ్ముల పొట్టు ముక్కలు మొదట ఏ లోతులో కనిపిస్తాయో.
3. చీపురు గడ్డి డంబెల్ నడుము పొడవు కొలతలు. కంటితో వేరు చేసిన 47 ముక్కలను ఇంకొకరు చూసినా 47 అనాలి. స్లైడు పేర్లు కప్పేసి బీఎస్సీ పిల్లలిద్దరికి ఇచ్చాను. ఒకరు 44 అన్నారు, ఒకరు 52. నడుముకు మైక్రాన్లలో ఒక గీత పెట్టాకే 30–40 పొర మళ్లీ తెరుస్తాను.